స్వామిదాసు బీడు

డబ్బా విప్పకముందే దీవెనకు తెలిసిపోయింది, లోపలి వస్తువులో బరువు లేదని. నిఖిల్ దాన్ని మిఠాయి పెట్టెలా ఒంటిచేత్తో పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు మరి.

"మూడు వారాలు ఎదురుచూసిన దీవెనా. ఢిల్లీ నుంచి వచ్చింది," అంటూ అట్ట చింపి, తళతళలాడే ఉక్కు గొట్టాల మానిఫోల్డును బల్ల మీద పెట్టాడు. నాలుగు గొట్టాలు వంపులు తిరిగి ఒక్కచోట కలిశాయి. అందంగానే ఉంది, కాదని ఎవరంటారు? ఇంజనులోంచి నాలుగు దారుల్లో వచ్చే నిప్పులాంటి పొగను ఒక్క దారికి తెచ్చి టర్బోకు అందించడం దాని పని. టర్బో ఆ పొగ ఊపుతోనే తిరిగి ఇంజనుకు గాలి దట్టిస్తుంది. దట్టిస్తే దట్టించనీ. ఆరేడు కిలోల టర్బో బరువంతా వేలాడేది మాత్రం ఈ మానిఫోల్డు మీదే. ఆ సంగతి డబ్బా మీద ఎవరూ అచ్చువేయరు.

షెడ్డు నడుమ నిఖిల్ వాళ్ల తాత నడిపిన అంబాసిడర్ నిలబడి ఉంది. ఒళ్లు పాతదే, ఇంజను మాత్రం ఎక్కడో గుద్దుకుని నుజ్జయిన ఒక పెద్ద బండిది. ఆ ఇంజను ఆనే ఇనుప కాళ్లు కొత్తగా కోసి, అతికి, దాన్ని అందులో కూర్చోబెట్టింది దీవెనే. మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్‌లో చేవెళ్ల రోడ్డు పక్కన, ఇంటిని ఆనుకుని ఉన్న ఈ రేకుల షెడ్డు ఆమె తండ్రి భిక్షపతిది. వెల్డింగు వెలుగు చూసీ చూసీ ఆయన కళ్లు అలిసిపోయాయి. రెండేళ్లుగా అతుకు పనంతా ఇరవై ఆరేళ్ల కూతురిది, రాపిడి పని ఆయనది.

దీవెన మానిఫోల్డును అద్దం పలక మీద బోర్లించి, క్యాలెండరు కాగితం ముక్క చించి అంచు కిందికి తోసింది. అంచు చదునుగా ఉంటే కాగితం దూరకూడదు. దూరింది, రెండు వేళ్ల లోతు. తర్వాత దాన్ని ఇంజను పక్కన ఆనించి చూసింది. గొట్టాలు పొడుగు కావడంతో టర్బో వచ్చి బ్రేకు నూనె పైపు మీదకి ఒరుగుతోంది. మధ్యలో ఆమె చిటికెన వేలు పట్టింది, అంతే.

"అన్నా, ఇది వద్దు."

"వద్దా! ఎందుకు వద్దు?"

"గొట్టం పలుచగున్నది. టర్బో బరువుకు కొన్నొద్దులకే పగుల్తది. పగిలిన కాడికెళ్లి మంటొచ్చి బ్రేకు పైపుకు తగుల్తది. బ్రేకు పోతె ఏమైతదో నేను చెప్పాల్నా? కాస్ట్ ఐరన్‌ది పెట్టుకో. పొట్టిగుంటది, టర్బో ఇంజన్‌కు దగ్గర పడ్తది, ఊగది."

షెడ్డులో దాన్ని బీడు అంటారు. పోత ఇనుము ఏదైనా వాళ్లకు బీడే. గిరాకీల ముందు మాత్రం దీవెన ఇంగ్లీషు మాటే వాడుతుంది. వాడకపోతే వాళ్ల మొహాల్లో నమ్మకం తగ్గడం ఆమె కళ్లారా చూసింది.

"అది ట్రాక్టర్లకు పెడ్తరు," అన్నాడు నిఖిల్. "బెంగళూరుల ఇంజన్ల ఊపు పెంచే ట్యూనర్‌కు ఫోటో పంపిన, సూపరన్నడు. శనివారం పాత కార్లోళ్లమంత కలుస్తున్నం, మా ఇంటి ముంగట పది కార్లు ఆగుతయి. బానెట్ లేపితె కండ్లు చెదరాలె." ఒక్క క్షణం ఆగి, కొంచెం గొంతు తగ్గించాడు. "మొయినాబాద్‌ల నువ్వు చేసిన గొట్టం పగిలిందట గదా. ఆ భయం పెట్టుకున్నవా?"

దీవెన చేతిలోని కాగితం నలిగింది. "నా అతుకు పగల్లే అన్నా. అతుకు పక్కన పగిలింది. టర్బో కింద ఆసరాకు పట్టీ పెట్టిన. సప్పుడొస్తున్నదని ఆయన ఆ పట్టీ పీకేసిండు."

"సరే సరే. స్వామిదాసు బీడు ముచ్చట్లు చెప్పకు," అని నిఖిల్ నవ్వేశాడు.

మూల నుంచి వస్తున్న రాపిడి చప్పుడు ఆగిపోయింది. భిక్షపతి తల ఎత్తలేదు.

చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల ఎవరైనా లేనిది ఉన్నట్టు చెబితే ఆ మాట అంటారు. ఆలూరు దగ్గర రెండెకరాల బీడు భూమి నాదేనని చచ్చేదాకా చెప్పుకు తిరిగిన ఒక ముసలాయన వల్ల పుట్టిన మాట అది. నిఖిల్ ఈడువాళ్లకు స్వామిదాసు అనే మనిషి ఒకడు బతికాడని కూడా తెలియదు. దీవెనకు తెలుసు, ఆయన ఆమె తాత. బడిలో హోంవర్కు చేశాను టీచర్ అంటే చాలు, వెనక బెంచీ నుంచి ఆ మాట వచ్చేది. ఏది చెప్పినా రెండుసార్లు కొలిచి చెప్పే అలవాటు ఆమెకు అప్పుడే పట్టుకుంది. కొలిచి చెప్పినా ఏం లాభం? మొయినాబాద్ బండి పగిలినప్పుడు స్వామిదాసు మనుమరాలే గదా అన్నారు. ఇప్పుడీ అంబాసిడర్ కూడా పగిలితే, ఈ రోడ్డు మీద ఇంకెవరూ తన మాట వినరు. అదొక్కటే ఆమె భయం.

"రేపటిదాంక ఆగు అన్నా. ఒక్క దినం," అంది. నిఖిల్ ఫోనులో టైము చూసుకుని, భుజాలు ఎగరేసి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం అన్నం తింటుంటే కూడా ఆమె కాలు నిలవలేదు. గడప దగ్గర నానమ్మ ప్రేమమ్మ చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. కుడి చూపుడు వేలు ఎప్పుడో నలిగి వంకరపోవడంతో ఆ వేలు వాడకుండా, మధ్యవేలితోనే చకచకా లాగేస్తుంది.

"బుక్క మింగి లెవ్వు బిడ్డా. గొంతుల పడ్తది."

"నా మాట ఎవ్వలు నమ్ముతలేరు నానమ్మా."

ప్రేమమ్మ చేతిలోని కాయను తిప్పి చూసి, పుచ్చు ఉందని అవతల పారేసింది. "నమ్మకపోతె నీ మాటకు ఏమన్న అయితదా?" అంది. ఆమె ఎప్పుడూ అంతే, ముసలావిడ దగ్గర రెండో మాట దొరకదు.

అన్నం తిన్న వెంటనే తండ్రిని బండి వెనక ఎక్కించుకుని దీవెన ఆలూరుకు బయలుదేరింది. అక్కడ అంజయ్య తుక్కు దుకాణంలో అదే రకం ఇంజను, టర్బోతో వచ్చినది, ఒకటి పడి ఉందని విన్నది. ఊరి మలుపులో రోడ్డు పక్కన ఫామ్ ప్లాట్ల బోర్డు, దాని వెనక రెండెకరాల చెలక, గట్టు పొడుగునా నడుమెత్తు పేర్చిన రాళ్లు. ఆ మలుపు వచ్చినప్పుడల్లా భిక్షపతి మొహం అవతలికి తిప్పుకుంటాడు. ఇవాళా తిప్పుకున్నాడు.

అంజయ్య దుకాణంలో, విరిగిన సీట్ల కింద, ఆ ఇంజను దొరికింది. దాని పక్కన తుప్పు బోల్టులతో బిగిసి, మట్టి కొట్టుకుపోయి, జానెడు పొడుగున్న నల్లటి బీడు మానిఫోల్డు. దీవెన పాత గుడ్డతో తుడిచి, సుత్తి పిడితో నెమ్మదిగా కొట్టింది. ఖంగుమంది. భిక్షపతి చెవి దగ్గర పెట్టి మళ్లీ కొట్టించుకున్నాడు.

"పగులు లేదు బిడ్డా. పగులుంటె గిట్ల పలుకది."

ఆమె రంధ్రాల దూరం కొలిచింది, మళ్లీ కొలిచింది. వెంట్రుకవాసి తేడా లేదు. ఎంత సంతోషం కలిగిందంటే, చేతుల మట్టి దులుపుకోకుండానే అక్కడే నిలబడి నిఖిల్‌కు ఫోనులో మాట రికార్డు చేసి పంపింది. ఆ తొందరలో గిరాకీల భాష మరిచిపోయింది.

"నిఖిలన్నా, నేను దీవెనను. మంచిగ ఆలోచించిన. ఈ ఆలూరు బీడు లేంది నేను ముందుకు పోను. బాపు గూడ అదే మాట మీదున్నడు. ఇన్నేండ్లు పడి ఉన్నదని చూడకుండ్రి, మాకు కావాల్సింది అదే. రేపటివరకు ఏదో ఒకటి తేల్చుండ్రి."

పంపాక కూడా ఫోను జేబులో పెట్టుకోకుండా చూసింది. జవాబు రాలేదు. రెండు నీలం టిక్కులు మాత్రం పడ్డాయి.

గురువారం పొద్దున పదింటికి షెడ్డు ముందు తెల్లటి పెద్ద కారు ఆగింది. అందులోంచి నిఖిల్ తండ్రి బాల్‌రాజ్ దిగాడు. అమ్మ బాబోయ్ అనుకుంది దీవెన. చేవెళ్లలో ఏ పార్టీ మీటింగైనా ముందు వరుస కుర్చీలో కనిపించే మనిషి, ఈ షెడ్డులో ఎన్నడూ అడుగు పెట్టలేదు. నిఖిల్ వెనకాలే వచ్చి, ఏమీ అర్థంకాని మొహంతో నిలబడ్డాడు. ప్రేమమ్మ ఇంట్లో లేదు, స్త్రీల ప్రార్థన కూడికకు వెళ్లింది. భిక్షపతి గబగబా స్టూలు తుడిచి వేశాడు. బాల్‌రాజ్ కూర్చోలేదు.

"ఏం భిక్షపతీ. బీడు కావాల్నంటున్నరట. నిన్న కార్ల పోతుంటె మావోని ఫోన్ల నీ బిడ్డ మాటలు విన్న."

"అవు పటేలా. అది లేంది పని నడువది."

"ఇన్నేండ్లకు యాదికొచ్చిందా?"

"మొన్నటిదాంక అది ఆడున్నట్టు తెల్వది సార్," అంది దీవెన. "నిన్ననే పొయ్యి చూసినం. నేనే కొలిచిన, రెండు పార్ల కొలిచిన."

"కొలిచిన్రా!" బాల్‌రాజ్ మెడ నరం ఉబ్బింది. "కొలతల దాంక వచ్చిన్రా?"

"కొలవకుంటె ఎట్ల సార్? ఊకెనే పడి ఉన్నది, ఎవ్వలకు పనికొస్తలేదు. మీరు ఒక్క మాట చెప్తె అయిపోతది."

ఆ 'మాట' అన్నది ఎక్కడ తగిలిందో గాని, బాల్‌రాజ్ గొంతు ఒక్కసారిగా లేచింది.

"మాట, మాట, మాట! మీ ఇంటోళ్లకు ఇదొక్కటి దొరికింది. అవును, మా బాపు మాటిచ్చిండు. నా ముంగటనే ఇచ్చిండు, ఆ గట్టు మీద నిలబడి. రాళ్లేరి సాగుకు తెస్తె రెండెకరాలు నీ పేరు మీద ఎక్కిస్తనన్నడు. స్వామిదాసు పదేండ్లు ఏరిండు, నేను కాదంటున్ననా? అయితే ఏంది? నోటిమాటకు పట్టా ఇస్తరా ఎవరన్న? ఆ భూమికి బేరం నడుస్తున్నది. ఈ టైముల మీరు బీడు బీడు అని లొల్లి పెడితె..."

అప్పుడు గాని దీవెనకు తట్టలేదు, ఆయన ఏ బీడు గురించి మాట్లాడుతున్నాడో. రోడ్డు మీద షేర్ ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

భిక్షపతి వంగి, బల్ల కింద మరమ్మతుకు వచ్చిన ట్రాక్టరు మానిఫోల్డును రెండు చేతులా ఎత్తాడు. దాన్ని తెచ్చి స్టూలు మీద, బాల్‌రాజ్ ముందు పెట్టాడు.

"పటేలా, మేము అడిగిన బీడు ఇసొంటిది. పోత ఇనుము. మీ కార్లకే."

బాల్‌రాజ్ ఆ ఇనుమును చూశాడు. భిక్షపతిని చూశాడు. ఆయన మొహంలో రంగులు మారడం దీవెన జీవితంలో మరిచిపోలేదు. తర్వాత ఆయన పగలబడి నవ్వాడు, అవసరమైనదానికన్నా చాలా ఎక్కువగా.

"ఇనుమా! ఇనుమని చెప్పొద్దా పిల్లా! నేనేమో... సరే, ఊకె ఏదో అన్న. మనసుల పెట్టుకోకుండ్రి." నవ్వుతూనే వెళ్లి కారెక్కాడు. నిఖిల్ ఎక్కలేదు. కారు వెళ్లిపోయాక కూడా వాకిట్లోనే నిలబడి ఉన్నాడు.

"స్వామిదాసు అంటే... నిజంగ ఒక మనిషా?" అన్నాడు చివరికి.

"మా తాత."

నిఖిల్ మొహం ఎర్రబడింది. బల్ల మీది తళతళలాడే గొట్టాలను చేతిలోకి తీసుకుని, కాసేపు తిప్పి, తిరిగి అట్టపెట్టెలో పెట్టేశాడు. "ఆ బీడే పెట్టు దీవెనా. అంజయ్యకు నేను ఫోన్ చేస్త," అని, బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాడు.

తన మాట నెగ్గింది. అయినా ఆమెకు సంతోషమేమీ కలగలేదు. వెనక భిక్షపతి రాపిడి మిషను పట్టుకుని, ఒక్కచోటే రాస్తున్నాడు. ఇనుము నీలం తిరిగినా ఆపడం లేదు. దీవెన వెళ్లి స్విచ్చు తీసేసింది.

"బాపు."

"మా నాయిన కూలికే రాళ్లేరిండని పటేళ్లు చెప్పిన్రు బిడ్డా. ఊరంత నవ్విన్రు. నాకప్పుడు పద్దెనిమిదేండ్లు, సిగ్గయింది. ఆదివారం అందరు బయటికొస్తుంటె, చర్చి మెట్ల మీద, అబద్ధాలాడకు నాయినా అన్న. అందరి ముంగటనే అన్న." కళ్లద్దాలు తీసి అంగీ అంచుతో తుడుచుకున్నాడు. "మల్ల ఎన్నడు ఆయన నా ముంగట ఆ ముచ్చట తియ్యలే."

"నానమ్మకు చెప్పు. ఇయ్యాల్నే చెప్పు."

"చెప్త, చెప్త," అన్నాడు. ఆ రోజు చెప్పలేదు. రాత్రి అన్నం ముందు కూర్చుని రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు, రెండుసార్లూ నీళ్లే అడిగాడు. దీవెనకు చిర్రెత్తుకొచ్చింది.

శుక్రవారమంతా పని. అంజయ్య దగ్గర బోల్టులు తుప్పుతో బిగిసి కదలలేదు. డీజిల్ పోసి, వేడిచేసి, చల్లారనిచ్చి, మళ్లీ వేడిచేస్తే పదకొండింటికి వదిలాయి. షెడ్డుకు తెచ్చాక దీవెన దాన్ని కిరసనాయిలులో నానబెట్టి, పొడిగా తుడిచి, ఒళ్లంతా సుద్దముక్క రాసింది. కంటికి కనబడని పగులు ఉంటే అందులో దాగిన నూనె తడి సుద్దలోంచి గీతలా బయటపడుతుంది. అరగంట చూసింది. గీత పడలేదు. అంచును ఆకురాయితో రాసి రాసి, అద్దం మీద కాగితం దూరనంత చదును చేసింది. టర్బో బిగించి చూస్తే, బ్రేకు పైపుకూ దానికీ మధ్య ఆమె అరచెయ్యి నిలువుగా పట్టింది. మధ్యలో ఒక రేకు అడ్డం కూడా అతికింది. ప్రేమమ్మ చాయ్ తెచ్చిచ్చి, పని చూస్తూ కాసేపు నిలబడి వెళ్లింది. ఆవిడను చూడగానే భిక్షపతి కారు కిందికి దూరిపోయాడు.

శనివారం సాయంత్రం అంబాసిడర్ హిమాయత్‌నగర్ నుంచి చేవెళ్లకు వచ్చింది. నిఖిల్ నడిపాడు, తండ్రీ కూతుళ్లు వెనక కూర్చున్నారు. దీవెన దారి పొడుగునా కిటికీలో తల పెట్టి ఇంజను చప్పుడే విన్నది. చిన్నగా ఈలలాంటి టర్బో ధ్వని తప్ప ఒక్క పొల్లు చప్పుడు లేదు. బాల్‌రాజ్ ఇంటి ముందు షామియానా, కుర్చీలు, చాయ్. ఫియట్లు, జీపులు వరుసగా నిలబడ్డాయి. చుట్టూ ముప్పై మంది దాకా మగవాళ్లు.

నిఖిల్ బానెట్ లేపాడు. అందరూ మూగారు. బాల్‌రాజ్‌తో కలిసి తిరిగే నాగేందర్ అనే నాయకుడు లోపలికి తొంగిచూశాడు.

"అన్ని మెరుస్తున్నయి గని, నడుమ ఈ నల్ల ముక్క ఏందిరా నిఖిల్? దీని పేరేంది?"

"ఆమెనడుగు కాకా. పెట్టింది ఆమె," అన్నాడు నిఖిల్.

అందరి మొహాలూ దీవెన వైపు తిరిగాయి. కాస్ట్ ఐరన్ అనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. చేతులు గుడ్డకు తుడుచుకుంది.

"స్వామిదాసు బీడు," అంది.

ఘొల్లుమన్నారు. నాగేందర్ కడుపు పట్టుకుని నవ్వాడు. "అంటే లేదన్నట్టేనా పిల్లా!"

"ఉన్నదో లేదో పటేల్‌ను అడుగుండ్రి. సార్‌కు ఎరుకే."

నవ్వుతూనే అందరూ బాల్‌రాజ్ వైపు చూశారు. బాల్‌రాజ్ నవ్వలేదు. ఆయన నవ్వకపోయేసరికి ఒక్కొక్కరే ఆగారు. చాయ్ గ్లాసు ఆయన చేతిలోనే ఉంది. ఒక పక్క కొడుకు కన్ను తిప్పకుండా చూస్తున్నాడు. ఎదురుగా భిక్షపతి నిలబడ్డాడు, తల వంచుకోకుండా. లేదనడానికి వీల్లేకుండా వస్తువు ముప్పై మంది కళ్ల ముందు వేడి కక్కుతోంది. బాల్‌రాజ్ ఆ ఇనుము వంక చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"ఉన్నది," అన్నాడు. "స్వామిదాసు బీడు... ఉన్నది. ఎవరు లేదన్నరు? ఇగ బానెట్ మూయి, చాయ్ సల్లగైతున్నది."

కుర్చీల్లో కూర్చున్న ఇద్దరు ముసలివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కుర్రాళ్లకు ఏమీ అర్థం కాలేదు. వాళ్లు పక్క జీపు దగ్గరికి పోయారు.

తిరుగు ప్రయాణం షేర్ ఆటోలో. భిక్షపతి ఆలూరు దిక్కున్న మలుపు దాటాక, "భూమి రాదు బిడ్డా," అన్నాడు.

"రాదు. ఎరుకే."

"అవ్వకు నువ్వు చెప్తవా?"

"నువ్వే చెప్పాలె బాపు. అబద్ధమన్నది నువ్వు."

ఇంటికి వచ్చేసరికి ప్రేమమ్మ గడప దగ్గర బియ్యం చెరుగుతోంది. భిక్షపతి చెప్పులైనా విడవకుండా ఆమె ముందు నేల మీద కూర్చుండిపోయాడు.

"అవ్వా. నాయిన అబద్ధమాడలే. పెద్ద పటేలు మాటిచ్చింది నిజమే. బాల్‌రాజ్ తన నోటితోని అన్నడు."

చేట ఆగింది. ప్రేమమ్మ కొడుకు వైపు చూసింది. తర్వాత చెయ్యి చాపి, వంకరపోయిన ఆ చూపుడు వేలును అతని ముందు పెట్టింది.

"నాకు చెప్తవేందిరా? ఆయన తవ్వితె నేను మోసిన. ఇది ఆ రాళ్ల కిందనే నలిగింది."

"మరి నాకెందుకు చెప్పలే అవ్వా?"

"మీ నాయిన మాటనే నమ్మనోడివి. నన్ను నమ్ముదువా?"

భిక్షపతి ఆ వేలును రెండు చేతులా పట్టుకుని ఏడ్చాడు. ప్రేమమ్మ లాక్కోలేదు. రెండో చేత్తో చేటను పక్కకు జరిపి, దీవెన వైపు తిరిగి, పొయ్యి మీద నీళ్లు పెట్టమంది.